రెండో కార్డు

“మా మొహాల మీద చీమలు పాకుతున్నయా ఏంది?” అంటూ ఆ ఇంటి పెద్దకోడలు ఆల్బమ్ మీద గోరు పెట్టి గీకింది.

గీకితే పోయే చీమలు కావవి. చీకటి గదిలో, ఒక్క ట్యూబ్‌లైటు కింద తీస్తే నా పాత కెమెరా ఫోటో నిండా నల్లటి నలుసులు చల్లేది. ఫ్లాష్ వేస్తే ఆడవాళ్లు కళ్లు మూసుకుంటారు, వేయకుంటే చీమలు పడతాయి. చుట్టూ కూర్చున్నవాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, డబ్బు తీసుకుని తీసిన ఫోటోలాయె. ఇంటికి వెళ్లే దారంతా చెవులు వేడెక్కి ఉన్నాయి. మంచి కెమెరా కొనాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

నేను పాతబస్తీలో పెళ్లిళ్లకు ఆడవాళ్ల వైపు ఫోటోలు తీస్తాను. మాది లాల్‌దర్వాజా దగ్గర ఒక గల్లీ. చుట్టుపక్కల ముస్లింల ఇళ్లలో పెళ్లంటే మగవాళ్లు ఒకచోట, ఆడవాళ్లు ఇంకోచోట. మగవాళ్ల వైపు తీసేవాళ్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతారు. పర్దా గట్టిగా పాటించే ఇళ్లలో లోపలికి రావాలంటే మాత్రం ఆడమనిషే కావాలి. నన్ను పిలిచేది అందుకే. నాలో ఏదో గొప్ప కళ ఉందని కాదు, ఆ భ్రమ నాకెప్పుడూ లేదు.

ఆ ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. గుమ్మం దగ్గర బుట్ట పెడతారు, వచ్చినవాళ్ల ఫోన్లన్నీ అందులో వేయాలి. నేను కొత్త మెమరీ కార్డు తెచ్చి, వాళ్ల ముందే దాని కవరు చింపి కెమెరాలో పెట్టుకోవాలి. అంతా అయిపోయాక ఇంటి పెద్దావిడ చెయ్యి చాపుతుంది. నేను కెమెరా పక్కనున్న చిన్న మూత తెరిచి, కార్డు తీసి ఆమె అరచేతిలో పెట్టి, “మీ అమానత్ మీకు” అంటాను. నమ్మి అప్పగించింది తిరిగి అప్పగించానని. ఆమె దాన్ని చూడకుండానే గుప్పిట మూస్తుంది. తర్వాత ఆల్బమ్‌కు ఏవేవి పెట్టాలో వాళ్లింట్లోనే, వాళ్ల ఆడపిల్లల మధ్య కూర్చుని ఎంచుతాను. ఒక్క ఫోటో కూడా నా దగ్గర ఉండదు. ఇన్నేళ్లుగా తీసినదాంట్లో ఎవరికైనా చూపించి మెచ్చుకోలు పొందింది ఒక్కటీ లేదు.

కొత్త కెమెరా ధరలు చూస్తే కళ్లు తిరిగాయి. సెకండ్‌హ్యాండ్‌దే గతి అని కోఠిలో దుకాణాల చుట్టూ తిరిగాను. నన్ను చూడగానే ఒకడు “తమ్మునికా అక్కా?” అన్నాడు. ఇంకొకడు బూజు పట్టిన లెన్స్ చేతిలో పెట్టి అది ఉత్త దుమ్మేనని, ఉఫ్ అని ఊదితే పోతుందని చెప్పాడు. నువ్వే ఊదు నాయనా, పోయినాక పిలువు అని చెప్పి వచ్చేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంలో పడి, తెలియనివి కూడా తెలిసినట్టు మాట్లాడే అలవాటు వచ్చింది. తెలియదంటే మోసం చేస్తారేమోనని భయం.

చివరికి ఫోన్లో ఒక ప్రకటన చూసి కంచన్‌బాగ్ వెళ్లాను. అక్కడి ఒక కార్ఖానాలో పనిచేసి రిటైరైన పెద్దాయన కెమెరా అది. సెలవొస్తే చాలు చెరువు గట్లకు పోయి పిట్టల ఫోటోలు తీసేవాడట. మోకాళ్లు అరిగాక ఇక గట్లెక్కడం తన వల్ల కాదని అమ్మేస్తున్నాడు. బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద కెమెరా పెట్టి ఉంచాడు. పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. ఇన్నాళ్లకు ఇంట్లోంచి ఒక సవతి పోతోందన్నంత సంతోషం ఆమె ముఖంలో.

నేను టార్చి తీసి లెన్స్‌లోకి చూశాను. తిప్పాల్సినవన్నీ తిప్పాను, నొక్కాల్సినవన్నీ నొక్కాను. ఎన్ని ఫోటోలు తీశారో అడిగాను. ఆయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు.

“గీడ రెండు కార్డులు పడ్తయి బిడ్డా. తీసిన ప్రతి ఫోటో రెండిట్లకూ పోయేటట్టు పెట్టిన. ఒకటి ఖరాబైనా ఇంకోటుంటది. ఒకపారి నా ఫోటోలన్నీ పోయినయి, గందుకే గట్ల పెట్టుకున్న,” అన్నాడు.

“తెలుసు సార్,” అన్నాను.

నిజంగానే తెలుసు. రెండు కార్డుల కెమెరా అయితేనే పెళ్లిళ్లకు పనికొస్తుందని వీడియోల్లో చూసే వెళ్లాను. తెలుసు కాబట్టే ఆయన చెప్పింది సరిగ్గా చెవిన పెట్టలేదు.

ఇంటికి తెచ్చి మూత తెరిస్తే రెండో అరలో ఒక కార్డు ఉంది. ఆయన మరిచిపోయింది. ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది. చేయలేదు. ఉండనీ, కావాలంటే ఆయనే అడుగుతాడులే అనుకున్నాను. మంచి రకం కార్డు, ఊరికే వస్తే చేదా? అంత చిన్న కక్కుర్తి. ఇప్పుడు రాస్తుంటే కూడా ఈ వాక్యం కొట్టేయాలనిపిస్తోంది.

ఆ కెమెరాతో మొదట తీసింది శాలిబండలో, ఆ చీమల మాటన్న ఇంట్లోనే. ఈసారి పెద్ద మనవరాలి పెళ్లి. ఆ ఇంటి పెద్దావిడను అందరితో పాటు నేనూ దాదీమా అనే పిలుస్తాను. పెళ్లికి వారం ముందు మాంజా. అంటే పెళ్లికూతురికి పసుపు పూసే వేడుక. మధ్యాహ్నం పూట, లోపలి గదిలో, పసుపుబట్టల్లో ఆ పిల్ల జుట్టు విరబోసుకుని పీట మీద కూర్చుంది. చుట్టూ అందరూ ఇంట్లోవాళ్లే కాబట్టి ఎవరికీ తల మీద ముసుగు లేదు. పాడుతున్నారు, ఒకరి మొహానికి ఒకరు పసుపు రాసుకుంటున్నారు. పెళ్లికూతురి తల్లి బిడ్డ చేతికి పసుపు పూస్తూ పూస్తూ ఆగిపోయి, కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అది తీశాను. కెమెరా వెనక చిన్న తెరలో చూసుకుంటే ఒక్క నలుసు లేదు. నేనింత బాగా తీయగలనా అని ఆశ్చర్యపోయాను.

అయిపోయాక దాదీమా చెయ్యి చాపింది. మూత తెరిచాను, కొత్త కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాను. “మీ అమానత్ మీకు దాదీమా.” ఆమె గుప్పిట మూసింది.

రెండో కార్డు లోపలే ఉండిపోయింది. దాచాలని దాచలేదు. ఇన్నేళ్లూ ఒకే కార్డున్న కెమెరా వాడిన చెయ్యి అది. ఒకటి తీసి ఇచ్చింది, పని అయిపోయిందనుకుంది. ఆ రెండో కార్డు నా లెక్కలో ఆ పెద్దాయనది, నాది కూడా కాదు. దాంట్లోకి ఈ ఇంటి ఆడవాళ్లు వచ్చి చేరారని నా బుర్రకు తట్టనే లేదు.

ఆ మూడు నాలుగు రోజుల్లోనే కంచన్‌బాగ్ నుంచి ఫోన్ వచ్చింది.

“బిడ్డా, పరేషాన్ చేస్తున్న అనుకోకు. నా కార్డు గిట్ల అందులనే ఉండిపోయిందా? పోయిన చలికాలం తీసిన పిట్టలున్నయి దాంట్ల.”

“అవునా సార్? నేను చూడనే లే. చూస్త ఉండున్రి,” అన్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కెమెరా మూత తెరిచి, కాసేపు ఆగి, “అయ్యో, ఉన్నది సార్!” అని ఆశ్చర్యం కూడా నటించాను.

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్లు మండింది. ఆయనకు నా అబద్ధం తెలిసిపోయిందేమో, కార్డు కాజేసే మనిషి అనుకుంటున్నాడేమో. ఆ మచ్చ పోగొట్టుకోవాలని ఇక ఒక్క క్షణం ఆగలేదు. కార్డు లాగి పర్సులో వేసుకుని, స్కూటీ తీసి నేరుగా వాళ్ల గేటు దగ్గరికి వెళ్లాను.

“తెరిచి కూడా చూడలే సార్. ఎట్లున్నది గట్లనే తెచ్చిన,” అన్నాను గొప్పగా.

“నాకు తెల్వదా బిడ్డా. వేరేటోళ్లయితే ఇయ్యకపోదురు,” అన్నాడాయన. లోపలికి రమ్మన్నా వెళ్లలేదు. తిరిగొచ్చే దారంతా నా నిజాయితీకి నేనే మురిసిపోయాను.

నికాహ్ శుక్రవారం, నమాజు అయ్యాక. మగవాళ్లంతా మసీదులో, ఆడవాళ్లు షాదీఖానాలో. నేను అందరి ముందు కొత్త కార్డు కవరు చింపి, కెమెరాలో పెట్టి, మీట నొక్కాను. తెర మీద ఒక మూల ఎర్రగా ఏదో మిణుకుమంది. రెండో కార్డు లేదని కెమెరా చెబుతోంది.

మొదట ఊరికే చూశాను. ప్రతి ఫోటో రెండిట్లకూ పోయేటట్టు పెట్టిన అని ఆయనన్న మాట ఇప్పుడు వినబడింది. మాంజా మొత్తం, పసుపుబట్టల పిల్ల, ముసుగు లేని ఆ ఇంటి ఆడవాళ్లందరూ, మూడు నాలుగు రోజుల నుంచి కంచన్‌బాగ్‌లో ఒక మగమనిషి ఇంట్లో ఉన్నారు. నేనే స్వయంగా స్కూటీ మీద తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

సరిగ్గా అప్పుడే కార్వాన్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనత్త నా వైపు చెయ్యి చూపించింది. మొదటి నుంచీ ఆమెకు ఫోటోలంటే ఇష్టం లేదు.

“ఫోటోలు కైకు? దునియా ఎట్లున్నదో ఎరికే కద. ఒక్కటి బయటికి పోయినా ఇజ్జత్ పోతది,” అంది.

దాదీమా కుర్చీలో నిటారుగా కూర్చుంది. “ఈ పిల్ల జిమ్మేదారీ నాది. మాంజా నాడు కూడా ఈ పిల్లే తీసింది. కార్డు తెచ్చి నా చేతుల పెట్టింది. నేను చూడను కూడా చూడ. ఫికర్ నక్కో.” పూచీ తనదని, దిగులు పడొద్దని.

అందరూ నా వైపు చూశారు. మేనత్త కూడా చూసింది, కొంచెం మెత్తబడినట్టే ఉంది. నేను అప్పుడు నోరు తెరవాలి. ఆగున్రి దాదీమా, ఆ మాట అనకున్రి అని ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోవాలి. నేను కెమెరా కంటికి ఆనించుకున్నాను. మొహం దాచుకోవడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు.

ఆ రోజంతా ఏం తీశానో నాకే తెలియదు. సగం ఫోటోలు కదిలిపోయాయి. బిర్యానీ పళ్లెం తెచ్చి ముందు పెట్టి తినమని బతిమాలారు. పళ్లెం పక్కకు జరిపాను. వెళ్లేటప్పుడు దాదీమా చెయ్యి చాపితే కార్డు పెట్టాను. అమానత్ అనే మాట నోట్లోంచి రాలేదు. ఆమె అదేమీ పట్టించుకోకుండా ఎప్పటిలాగే గుప్పిట మూసి, తలమీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున్నే కంచన్‌బాగ్ వెళ్లాను. తలుపు పెద్దాయన భార్య తీసింది. నన్ను చూడగానే ఎందుకొచ్చానో ఆమెకు అర్థమైంది. లోపలికి వెళ్లి బీరువాలోంచి రుమాలులో చుట్టిన కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. పెద్దాయన లోపలి గదిలో ఉన్నాడు, బయటికి రాలేదు.

“పిట్టలు చూద్దామని కంప్యూటర్ల పెట్టిండు బిడ్డా,” అంది ఆమె. “పిట్టలు అయిపోంగనే ఒక పిల్ల. జుట్టంత ఇప్పుకొని కూసున్నది. ఈయన కుర్చీల కెల్లి లేచి బాల్కనీలకు పోయిండు. ఇవి నేను చూడద్దు, నువ్వు చూసి మన పిట్టలు పక్కకు తియ్యి అన్నడు. నీకు ఫోన్ చేద్దామని నంబర్ తీసుడు, ఆడపిల్లకు ఏమని చెప్పాలె అని మల్ల పెట్టేసుడు.”

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. “ఒక్కటే చూసిన బిడ్డా. కావాలని చూడలే.”

ఆయన సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. తప్పు నాది, గదిలో దాక్కున్నది ఆయన. “అయ్యో సార్, మీరేం చేసిన్రు,” అన్నాను గోడ వైపు చూస్తూ.

ఆమె నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. పిట్టల ఫోటోలు కంప్యూటర్‌లో వేసుకున్నామని, మిగతావి ఎక్కడా లేవని, కార్డు నన్నే తీసుకుపొమ్మని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, “పిట్టలేవో, మనుషులేవో ఏరాలె కద, గందుకే అన్నీ చూసిన. ఆ పిల్ల తల్లి కిటికీ దిక్కు తిరిగి ఏడుస్తున్నది చూడు, మస్తు తీసినవ్ బిడ్డా. నాకూ ఏడుపొచ్చింది,” అంది.

నా ఫోటోను బయటివాళ్లు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నాకు సంతోషమేసింది. ఎవరి కంటా పడకూడని తల్లి కన్నీళ్లు చూసి ఈమె మెచ్చుకుంటే నేను మురిసిపోతున్నాను. ఛీ అనిపించింది. రుమాలు మూట పర్సులో పెట్టుకుని లేచాను.

సంతోష్‌నగర్ దాటేదాకా ఒకటే ఆలోచన. ఈ ముక్కను విరిచి మోరీలో పడేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. ఆ మొగుడూపెళ్లాలకు దాదీమా ఇల్లు ఎక్కడో కూడా తెలియదు. చెబితే నా మనసు తేలికవుతుంది, దాదీమా నెత్తిన పడుతుంది. చెప్పకపోతే అందరూ హాయిగా ఉంటారు. ఇంత చక్కగా సర్దిచెప్పుకుంటున్నాను కానీ, నిన్న ఆమె జిమ్మేదారీ అన్నప్పుడు ఆ మేనత్త మెత్తబడిన మొహం కళ్లముందు నుంచి పోవడంలేదు. బండి శాలిబండ వైపే తిప్పాను.

దాదీమా ఇంట్లో తఖ్తు బల్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పెళ్లి అలసటకు ఇల్లంతా నిద్రపోతోంది. నేను కింద కూర్చుని రుమాలు విప్పి కార్డు ఆమె ముందు పెట్టాను.

“దాదీమా, మాంజా నాడు మీకిచ్చింది ఒక్క కార్డే. ఇంకోటి కెమెరాలనే ఉండె. నేను చూసుకోలే.”

జరిగింది జరిగినట్టు చెప్పాను. కార్డు ఎవరిదో, ఎందుకు అడగకుండా ఉంచుకున్నానో అది కూడా చెప్పాను. ఆమె గింజలు తీయడం ఆపలేదు.

“మగాయన చూసిండా?”

“ఒక్కటి. దుల్హన్‌ది. మిగతావి ఆయన భార్య చూసింది.”

“దుల్హన్ తలమీద దుపట్టా ఉండెనా?”

“లే దాదీమా.”

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. గట్టిగా తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“నిన్న సమ్ధన్ల ముందల జిమ్మేదారీ నాది అన్న. అప్పటికి నీకు ఎరికేనా?”

వియ్యాలవారి ముందు అన్న మాట. తల దించుకున్నాను. “మీరు అనే ముందలనే ఎరికైంది.”

“ఎరికై ఊకున్నవ్.”

“ఊకున్న.”

“నన్ను మాట్లాడనిచ్చినవ్,” అంది.

కోపంగా అనలేదు. ఇప్పటిదాకా తెలియని సంగతి ఒకటి తెలుసుకున్నట్టుగా అంది. కార్డు తప్పయితే చేతి పొరపాటు. ఇది కాదు. నాకు సిగ్గుతో కళ్లు మసకబారాయి. ఏడిస్తే జాలి కోసం ఏడ్చినట్టుంటుందని పళ్లు బిగబట్టుకున్నాను.

వాళ్లకు నేను చెప్తాను, నేనే వచ్చి కాళ్లు పట్టుకుంటాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “నక్కో. మాట నాది, నేనే చెప్పుకుంటా. వేరేవాళ్ల నోట్ల కెల్లి ఇనద్దు వాళ్లు. నువ్వు చాయ్ తాగి పో బేటా.”

చాయ్ తెప్పించింది. ఆమె ముందు కూర్చుని అది తాగడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. కార్వాన్ వాళ్లింట్లో ఆమె ఏం చెప్పిందో, వాళ్లు ఏమన్నారో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం తర్వాత విన్నాను. నవ్వుతూ తుళ్లుతూ వెళ్లిన పెళ్లికూతురు చాలా రోజులు పుట్టింటికి రాలేదట. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో అడిగే మొహం నాకు లేదు.

ఇక ఆ ఇంటి నుంచి పిలుపు రాదనుకున్నాను. వచ్చింది. చిన్న మనవరాలి మాంజాకు దాదీమా స్వయంగా ఫోన్ చేసి, నువ్వే రావాలి అంది. సంతోషంతో ఏం చేయాలో తెలియలేదు. కావాలనే రెండు కార్డులూ పెట్టాను, రెండు కవర్లూ అందరి ముందే చింపాను. పనంతా అయ్యాక ఆమె చెయ్యి చాపింది. నేను రెండు కార్డులూ తీసి, ఒకదాని పక్కన ఒకటి, ఆమె అరచేతిలో పెట్టాను.

“మీ అమానత్ మీకు దాదీమా.”

ఆమె గుప్పిట మూయలేదు.

“జరా ఖోలో బేటా,” అంది మెల్లగా. కొంచెం తెరువమ్మా అని.

ముందు అర్థం కాలేదు. తర్వాత కెమెరా మూత తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను. ఆమె కళ్లలో పొర, దగ్గరి వస్తువు సరిగ్గా కనబడదు. అందుకని వంగి, గోరింటాకు పెట్టిన చిటికెనవేలు మొదటి అరలో పెట్టి తడిమింది. తర్వాత రెండో అరలో పెట్టి తడిమింది. గదిలో పాటలు ఆగిపోయాయి. ఆడపిల్లలందరూ చూస్తున్నారు.

“ఠీక్ హై,” అని అప్పుడు గుప్పిట మూసింది. తీసేటప్పుడు కెమెరా తెర మీద చూసిన ఆ పెద్దకోడలే అటుగా వచ్చి, ఈసారి ఫోటోలు మస్తు సాఫ్‌గా ఉన్నయి, ఒక్క చీమ లేదు అంది.

దాదీమా వేలు పెట్టి తడిమిన సంగతి ఆ గల్లీ అంతా పాకింది. ఇప్పుడు అక్కడ ఏ ఇంట్లో తీసినా, వాళ్లు అడగకముందే నేను మూత తెరిచి పట్టుకుంటున్నాను.